ఎండ చూసిన ఒక్క కట్టె

2024 ఏప్రిల్ 29, సోమవారం. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు లక్ష్మన్న ఇంటి వీధి తలుపు బయటి ముఖం మీద నమోదైన ఉష్ణోగ్రత 63 డిగ్రీలు. అదే సమయంలో లోపలి ముఖం మీద 41. రెండంగుళాల మందం కూడా లేని చెక్కకు అటూ ఇటూ ఇరవై రెండు డిగ్రీల తేడా ఉంది.

రాయచూరు పట్టణంలో పడమటి ముఖంగా ఉన్న ఇళ్ళలో వేసవి వేడిని కొలవడానికి మా సర్వే బృందం ఎంచుకున్న నలభై ఇళ్ళలో అది పదిహేడవది. గోడలు, పైకప్పు, నీళ్ళ తొట్టి మా పట్టికలో ఉన్నాయి గాని తలుపు లేదు. తలుపును కొలవమని పట్టుబట్టినవాడు లక్ష్మన్నే.

"గోడకేమైతది బిడ్డా, గోడ రాయి. నా దర్వాజకు పెట్టు ఆ మీటరు. జెరమొచ్చింది దానికి," అన్నాడు, పసిపిల్ల నుదురు తాకినట్టు తలుపు పైభాగాన్ని అరచేతితో తాకి, వెంటనే చెయ్యి వెనక్కు తీసుకుంటూ.

లక్ష్మన్నకు అరవై నాలుగేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ రాయచూరులోనే అయినా, పని చేసినదంతా హట్టి బంగారు గనిలో. ముప్పై ఒక్క సంవత్సరాలు భూమి అడుగున టింబర్ పని చేశాడు. రాయి దిగకుండా ఊత దుంగలను కోసి, చెక్కి, పైనున్న రాతికి ఆనేటట్టు సమ్మెటతో బిగించి నిలబెట్టడం ఆ పని. 2020లో పదవీ విరమణ పొంది పట్టణానికి తిరిగి వచ్చాక, కూల్చేసిన ఒక పాత పత్తి మిల్లు నుంచి రెండు టేకు దూలాలు కొని, నాలుగు నెలలు కూర్చుని ఈ తలుపు తయారు చేశాడు. అంతకు ముందు అతను తలుపు చేసి ఎరుగడు. రెండు రెక్కలు, ఒక్కో రెక్కకు మూడు అడ్డపట్టీలు ఉన్నాయి, చెక్కడపు పని ఏమీ లేదు. దూలాలకు పూర్వం బోల్టులు దిగిన రంధ్రాలను గుండ్రటి చెక్క బిళ్ళలతో పూడ్చాడు. ఆ బిళ్ళలు ఎక్కడున్నాయో చూపించడం అతనికి ఇష్టం. వాటిని ఎవరూ తమంతట తాము కనిపెట్టలేకపోవడం ఇంకా ఇష్టం.

ఇంటి ముందు ఖాళీ మైదానం ఉంది. అడ్డంగా ఒక చెట్టు గాని, ఎదురు గోడ గాని లేదు. మధ్యాహ్నం నుంచి పొద్దు గూకే దాకా ఎండ నేరుగా ఆ తలుపు మీదనే పడుతుంది. నాలుగు వేసవులకు పాలిష్ ఉల్లిపొరలాగా లేచిపోయింది. కుడి రెక్క మధ్యలో బయటికి వంగి, రెండు రెక్కలు కలిసేచోట పదకొండు మిల్లీమీటర్ల సందు ఏర్పడింది.

మేము ఆ సందును కొలుస్తుండగానే ఇంకొక కొలత కోసం మరొకరు వచ్చారు. పక్క సందులో వెల్డింగ్ దుకాణం నడిపే ఈరేష్. చేతిలో టేపు ఉంది.

"మామా, జర పక్కకు జరుగు. కొలత తీస్కుంట."

"ఎవరి కొలత? నాదా, దర్వాజదా?"

"అత్త ఏది జెప్తే అది."

లోపల డ్యూటీ చీర సర్దుకుంటున్న నీలమ్మ అక్కడి నుంచే అందుకున్నది: "రెండూ తీస్కో ఈరేశా. ఇద్దర్ల ఎవరు ఎక్కువ వంగిర్రో తేలిపోతది."

నీలమ్మ లక్ష్మన్న భార్య. పట్టణంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా పని చేస్తుంది. మూడు గంటల డ్యూటీకి రెండున్నరకు ఇల్లు వదలాలి. అంతకు ముందు బుధవారం ఆమె ఆ వేళకు బయలుదేరబోతే తలుపు గడియ కదలలేదు. లక్ష్మన్న బజారుకు వెళ్ళి ఉన్నాడు. మరో దారి లేని ఆ ఇంట్లో ఆమె నలభై నిమిషాలు చిక్కుకుపోయింది. కిటికీలోంచి పిలిస్తే ఈరేష్ వచ్చి, ఇనుప కడ్డీ దూర్చి రెక్కను ఎత్తి తెరిచాడు. కడ్డీ దిగిన గుంట కుడి రెక్క మీద ఇంకా తెల్లగా కనిపిస్తుంది. ఆ సాయంత్రమే నీలమ్మ ఇనుప తలుపు చేయమని ఈరేష్‌కు చెప్పింది.

"ఇనుము వంగదు మామా," అన్నాడు ఈరేష్, టేపు లాగుతూ.

లక్ష్మన్న టేపు కొసను పట్టుకుని మెల్లగా తిరిగి డబ్బీలోకి పంపాడు. "నీలా, జర టైమియ్యి. నేను సక్కజేస్త."

"నాలుగేండ్ల సంది సక్కజేస్తనే ఉన్నవ్."

"వానకాలం దాకా."

నీలమ్మ చెప్పులు తొడుక్కుని గడప మీద నిలబడి ఆలోచించింది. "మొదటి వాన దాకా. వాన పడ్డ తెల్లారి నేను ఒక్క వేలుతోని గడియ తీస్త. వచ్చిందా, నీ దర్వాజ ఉంటది. రాలేదా, ఈరేషుది వస్తది. నీ కట్టె పొయ్యిల పెడ్త."

"మనది గ్యాస్ పొయ్యి గదనే."

"దీనికోసం కొత్తది గట్టిస్త," అని ఆమె వెళ్ళిపోయింది.

ఆమె మలుపు తిరిగాక లక్ష్మన్న చేసిన మొదటి పని తొట్టిలోంచి ఒక బకెట్ నీళ్ళు తెచ్చి తలుపు మీద కుమ్మరించడం. చెక్క నుంచి ఆవిరి లేచింది. నాలుగు నిమిషాల్లో 63 డిగ్రీలు 38కి దిగాయి. "సల్లబడ్డది సూసినవా?" అన్నాడు తృప్తిగా. ఎండాకాలమంతా రోజుకు నాలుగుసార్లు అలా పోస్తానని చెప్పాడు. నలభై అయిదు నిమిషాల తరువాత మీటర్ మళ్ళీ 62 చూపింది. ఆ సంగతి చెప్తే అతను ఇంకో బకెట్ తెచ్చాడు.

నీళ్ళ మీద అతనికున్న నమ్మకం గనిలో పుట్టింది. భూమి అడుగున తేమ ఎక్కువ. రాతి సందుల నుంచి నీరు కారుతూ దుంగల మీదుగా దిగుతుంది. ముప్పై ఒక్క సంవత్సరాల్లో తడి వల్ల పగిలిన దుంగను అతను చూడలేదు. "కింద కట్టె ఎప్పుడూ తడే. పైకొచ్చినంక ఎండిపోయింది గాబట్టి పగులుతుంది. తాపితే సక్కగైతది," అనేది అతని లెక్క.

సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు అతను స్టూలు మీద కూర్చుని తలుపుకు చెవి ఆనించాడు. చల్లబడుతున్న చెక్క ఉండి ఉండి టక్కుమంటుంది. ఆ గంటలో పద్నాలుగు చప్పుళ్ళు లెక్కించాము. వేలి కణుపుతో తట్టి వినడం, చప్పుడును బట్టి కట్టె మీద ఎంత బరువు పడుతున్నదో తెలుసుకోవడం టింబర్ పనివాడి ప్రాథమిక విద్య. ఒకసారి మొదటి షిఫ్ట్‌లో, ఒక దుంగ రెండుసార్లు వెంటవెంటనే పలికిందని ముగ్గురు పనివాళ్ళను వెనక్కు నడిపించానని అతను చెప్పాడు. అరగంటకు అక్కడ రాయి దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు గనుకనే ఆ సంగతి ఎక్కడా నమోదు కాలేదు.

"ఎన్ని కట్టెలు నిలబెట్టిన్నో నాకే తెల్వదు. అన్నీ చీకట్ల ఉన్నయి. కొన్నిటిని మట్టేసి పూడ్చేసిర్రు. మా నీల ఒక్కటి సూడలే, నా బిడ్డ సుప్రియ ఒక్కటి సూడలే," అన్నాడు. తరువాత తలుపు మీద చెయ్యి వేశాడు. "నేను నిలబెట్టిన కట్టెలల్ల ఎండ చూసింది గిదొక్కటే. గిది గూడ పోతే నేనేం జేసిన్నో సూపెట్టనీకి ఏముంటది?"

ఆ మాటలు నీలమ్మకు మరునాడు ఉదయం ఎవరో ఒకరు చేరవేసే ఉంటారు. ఆమె టీ గ్లాసు అందిస్తూ, ఇనుప తలుపు ప్రస్తావన లేకుండా, వేరే దారిలో వచ్చింది.

"నువ్వు నీళ్ళు పోస్తెనే మంచిగైతదంటవ్. నేను పోస్తెనే ఖరాబైతదంట. కొట్లాట ఎందుకు? మా డాక్టరమ్మ కొత్త మందు ఒక కాలికే రాసి, రెండోది అట్లనే ఇడిసి సూస్తది. నీ దర్వాజకు రెండు రెక్కలున్నయి. కుడిదానికి పొయ్యి. ఎడమది ముట్టకు. పొద్దుమీకి నువ్వే చెవి పెట్టి ఇను. నేను జెప్పిన్ననుకోకు, దర్వాజ జెప్తది."

పరిశోధన పద్ధతులను తరగతి గదిలో నేర్చుకున్నవారికి ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పి ఉండరు. ఏప్రిల్ 30న లక్ష్మన్న కుడి రెక్కకు నాలుగుసార్లు నీళ్ళు పోశాడు, ఎడమ రెక్కను తాకలేదు. ఆ సాయంత్రం గంటసేపట్లో ఎడమ రెక్క నాలుగుసార్లు పలికింది. కుడి రెక్క పదకొండుసార్లు.

అతను లేచి స్టూలును పక్కకు జరిపాడు. తరువాత బకెట్‌ను తీసుకెళ్ళి బోర్లించాడు.

ఆ మధ్యాహ్నమే నీలమ్మ డ్యూటీకి పోతూ ఈరేష్ దుకాణం దగ్గర ఆగి, అక్కడి ఇనుప తలుపు మీద చెయ్యి వేసి చురుక్కుమని తీసేసింది. మా మీటర్ అక్కడ 68 చూపింది. "సూసినవా అత్తా, పొయ్యి అవసరం లేదు, దీని మీదనే రొట్టె కాల్చుకోవచ్చు," అని ఈరేష్ నవ్వాడు. కాని ఆమె మాట మార్చుకోలేదు. "కాలితే గుడ్డతోని పట్టుకుంట. నాకు తెరుచుకోవాలె, గంతే." బకెట్ బోర్లించి ఉండడం డ్యూటీ నుంచి తిరిగి వచ్చాక చూసింది. అప్పుడు మాత్రం ఒక మాట అన్నది: "గబ్బూరుల మా మారెప్ప మామ ఉన్నడు గద. బండ్లు చేసేటోడు. బండ్లు ఎండలనే పడుంటయి. పోయి అడుగు. అల్లుడినని నామోషీ పడకు."

మే 2న లక్ష్మన్న బస్సెక్కి గబ్బూరు వెళ్ళాడు. అది నీలమ్మ పుట్టిన ఊరు. మారెప్ప వయసు ఎనభై దాటింది. ఇప్పుడు కొత్త ఎద్దుల బండ్లు అడిగేవారు లేరు. పాతవాటికి చక్రాలు సరిచేయడం, ట్రాక్టర్ ట్రాలీలకు పలకలు బిగించడం చేస్తున్నాడు. లక్ష్మన్న ఫోనులో తలుపు ఫోటో చూపిస్తే, దాన్ని కళ్ళకు దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు.

"మొకం మెరుస్తున్నది. ఏం పూసినవ్?"

"పాలిష్ మామా. దసరాకు దసరాకు ఒక పూత."

"లోపటి దిక్కు?"

"లోపట ఎండ రాదు గద."

"తలకాయకు? కాళ్ళకు?"

లక్ష్మన్నకు అర్థం కాలేదు. మారెప్ప పక్కనున్న పలకను నిలబెట్టి, పైఅంచు మీద కొంచెం నీళ్ళు ఉమ్మాడు. తడి చూస్తుండగానే ఇంకిపోయింది. చెక్క వెడల్పు ముఖం మీద ఉమ్మినది అలాగే నిలిచింది.

"కట్టె నోరు గిక్కడుంటది. పైన, కింద. నువ్వు మొకానికి పౌడరేసి నోరు తెరిచి పెట్టినవ్. ఎండల ఎండుతది, నీళ్ళు పోస్తే తాగుతది. ఒక దిక్కు తాగి ఒక దిక్కు ఎండితే వంగక ఏం జేస్తది?"

"మరి మీరు సక్రాన్ని నీళ్ళల ఏస్తరు గద మామా," అని లక్ష్మన్న వాదించాడు. అదే అతని చివరి ఆధారం.

"మొత్తం ముంచుత. వదులైనప్పుడు ఒక్కపారి. నువ్వు సగం మొకం కడిగి ఎండల కూసోబెడ్తున్నవ్, రోజుకు నాలుగుపార్లు! బంగారం తీసే తాన పని జేసినవంట. బిసిలు ఎట్లుంటదో కింద ఎవలూ జెప్పలేదా?"

బిసిలు అంటే కన్నడంలో ఎండ. ఆ మాట విని లక్ష్మన్న మొదట చిన్నబుచ్చుకుని, ఆ తరువాత నవ్వేశాడని అతనే చెప్పాడు. కింద ఎండ లేదు. దుంగ తలను రాతికి ఆనించి కొట్టడమే గాని, ఆ తల ఏమి తాగుతున్నదో చూడవలసిన అవసరం ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఒక్క రోజూ రాలేదు.

మారెప్ప చెప్పిన పద్ధతిని లక్ష్మన్న బస్సు టికెట్టు వెనుక రాసుకున్నాడు. పాత పాలిష్ అంతా గీకెయ్యాలి. కాచిన అగసె నూనెలో, అంటే అవిసె నూనెలో, కావి పొడి కలపాలి. నూనె చెక్కను ఎండిపోకుండా కాపాడుతుంది, కావి రంగు ఎండను చెక్కలోకి దిగనివ్వదు. ఎండలో పడుండే బండ్లన్నిటికీ ఆ ఎర్రటి పూత అందుకే. గుడ్డతో రుద్ది, మిగిలినది తుడిచి, నీడలో ఆరనివ్వాలి. ముందు, వెనుక, రెండు పక్కలు, పైఅంచు, కిందిఅంచు, ఆరు ముఖాలకూ రాయాలి. ఆఖరున ఒక హెచ్చరిక కూడా ఉంది.

"నూనె గుడ్డలు ముద్దజేసి మూలకేయకు. గీ బిసిలుకు వాటంతట అవే అంటుకుంటయి. నీళ్ళ బకెట్ల ఎయ్యి. ఇంకొకటి, నూనె రాసిన్నని ఎండల నిలబెట్టకు. పని లేనప్పుడు నేను బండికి గోనె కప్పుత. కట్టెకు అంటకుండ కప్పుత. నడుమ గాలి ఆడాలె."

మే 3న పని మొదలైంది. ఇల్లు పూర్తిగా తెరిచి ఉంచలేరు గనుక ఒక్కో రెక్కనే దించాలని నిర్ణయించుకున్నారు. కుడి రెక్కను ముందు గదిలో రెండు పీటల మీద పరిచి, ఖాళీ అయిన సగం గుమ్మానికి నవారు మంచాన్ని నిలబెట్టి కట్టారు. వచ్చిపోయే ప్రతిసారీ నీలమ్మ "ఒంటికన్ను ఇల్లు" అని నవ్వింది. పైఅంచు గీకితే నాలుగేళ్ళ దుమ్ము సన్నటి పగుళ్ళలోంచి పొడిపొడిగా రాలింది. ఆ అంచు మొదటి పూతను క్షణంలో తాగేసింది, రెండోది కూడా తాగింది, మూడోదానికి గాని తడి పైన నిలవలేదు. వంపు తగ్గడానికి రెక్క మీద తిరగలి రాళ్ళు రెండూ పెట్టి మూడు రోజులు ఉంచారు. నూనె గుడ్డలు బకెట్ నీళ్ళలో మునిగాయి.

"ఇన్నాళ్ళకు నీ బకెట్టుకు సరైన పని దొరికింది," అన్నది నీలమ్మ.

తరువాత మూడు రోజులు ఎడమ రెక్క వంతు. మే 9న రెండూ తమ స్థానంలో నిలబడ్డాయి. వంపు పూర్తిగా పోలేదు. పదకొండు మిల్లీమీటర్ల సందు అయిదు దగ్గర ఆగింది. గడియ దూరే కన్నం ఇంకా కొంచెం పైన ఉంది. ఇనుప కడ్డీ గుంట కూడా పోలేదు. దాన్ని పూడుస్తావా అంటే లక్ష్మన్న వద్దన్నాడు. "ఉండనియ్. ఈరేషు సంతకం."

ఈరేష్ టేపు తీసుకుని రెండోసారి వచ్చింది అప్పుడే. ఈసారి పిలిచినవాడు లక్ష్మన్న. గడియ కన్నాన్ని కొంచెం కిందికి దింపి బిగించడం, గుమ్మం పైన గోడలోంచి ముందుకు పొడుచుకు వచ్చేలా ఇనుప పైపుల చట్రం ఒకటి నిలబెట్టడం అతని పని. రైస్ మిల్లు గోనెసంచులు విప్పి, రెండు పొరలుగా కుట్టి, నీలమ్మ పరదా తయారు చేసింది. అది తలుపుకు జానెడు దూరంలో వేలాడుతుంది. పైన నాలుగు వేళ్ళ సందు గాలి కోసం వదిలారు.

"దర్వాజ ఆర్డరు పోయింది, పరదా రాడ్డు వచ్చింది. నా నసీబు మామా," అన్నాడు ఈరేష్ ఆఖరి అతుకు వేస్తూ.

"ఇంకా పోలేదు. వాన రాలే," అని నీలమ్మ గుర్తు చేసింది.

మే 10, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. పరదా బయటి ముఖం 58, తలుపు బయటి ముఖం 44, లోపలి ముఖం 39. సాయంత్రం గంటలో చప్పుళ్ళు మూడు. లక్ష్మన్న ఆ మూడింటినీ తన వేళ్ళ మీద కూడా లెక్కపెట్టాడు.

ఆ మరుసటి వారం, మే 14 మంగళవారం సాయంత్రం అయిదు గంటలకు పడమటి నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. వెంటనే వాన. గాలికి పరదా ఒక పక్క తాడు తెగి పైకి ఎగిరి, కుడి రెక్క మీద జల్లు నేరుగా కొట్టింది. లక్ష్మన్న తువ్వాలు తీసుకుని తుడవడానికి పరుగెత్తి, గడప దగ్గరే ఆగిపోయాడు. నీళ్ళు చెక్క మీద ముత్యాల్లా నిలిచి, కలిసి, కిందికి జారుతున్నాయి. లోపలికి పోవడం లేదు. తువ్వాలు భుజాన వేసుకుని, వాన ఆగే దాకా ఇరవై అయిదు నిమిషాలు అలాగే నిలబడి చూశాడు.

బుధవారం ఉదయం నీలమ్మ మొహం కడుక్కుని, టీ కూడా తాగకుండా తలుపు దగ్గరకు వచ్చింది. పిలవకుండానే కిటికీ బయట ఈరేష్ నిలబడి ఉన్నాడు. లక్ష్మన్న గోడకు ఆనుకున్నాడు. ఆమె చూపుడువేలు గడియ మీద పెట్టి తోసింది. గడియ సగం దూరం జరిగి, ఆగింది. ఇంకోసారి తోసింది. కదలలేదు.

లక్ష్మన్న ఇంటిలోపలికి చూస్తున్నాడు.

నీలమ్మ వేలు తీసి, వేలి కొనను చూసుకుంది. అక్కడ ఎర్రటి మరక ఉంది. కావి కాదు. చీర కొంగుతో గడియను పైనుంచి కింది దాకా తుడిచి, కొంగు మీది తుప్పును కిటికీ వైపు చూపించింది.

"ఆపింది కట్టె గాదు ఈరేశా. రాత్రి తడికి నీ ఇనుము తుప్పు పట్టింది."

మళ్ళీ అదే వేలు పెట్టింది. గడియ చివరి దాకా జారింది. రెండు రెక్కలు తెరుచుకుని, ముందు గదిలోకి ఉదయపు వెలుతురు వచ్చింది.

"గడియకు గూడ జర నూనె పెట్టకపోయినవా మామా," అన్నాడు ఈరేష్.

"అది నీ ఖాతా," అన్నాడు లక్ష్మన్న.

ఆ రోజు రెండున్నరకు నీలమ్మ తలుపు దగ్గరకు లాగి, పరదా సర్దుకుని డ్యూటీకి వెళ్ళింది. సాయంత్రం లక్ష్మన్న స్టూలు వేసుకుని చెవి ఆనించాడు. ఆ గంటలో రెండు చప్పుళ్ళు వినిపించాయి. రెండోది చాలా సన్నగా ఉంది, వదిలేయవచ్చు అనిపించి, పట్టికలో ఒకటి అని రాయబోతే అతను ఒప్పుకోలేదు.

"రెండే రాయి బిడ్డా," అన్నాడు. "సన్నగున్నా అది మాటే."